తేలిక చెయ్యి

మా బావ దేవదానానికి కోపం తెప్పించడం చాలా సులువు. “నీ మైకు గరగరమంటాంది” అంటే చాలు. ఆ మాట అన్నవాడు పెళ్ళికొడుకు తండ్రి అయినా, మా చర్చి సంఘంలో పెద్ద అయినా బావకు లెక్కలేదు. చేతిలో పని వదిలేసి, ఆ మనిషిని భుజం పట్టుకుని ఆంప్లిఫయర్ ముందుకు నడిపించి, “యాడున్నది గరగర? జర చూపియ్యి” అనేవాడు. గరగరను ఎవరు మాత్రం వేలు పెట్టి చూపించగలరు? ఆ పెద్దమనిషి చెవి గోక్కుంటూ వెనక్కి వెళ్ళిపోయేవాడు. బావ మాత్రం ఆ కోపాన్ని ఇంటికి మోసుకొచ్చి, రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అన్నం వండి పెట్టే మా అక్క ఏం పాపం చేసిందో నాకు అర్థమయ్యేది కాదు.

హనుమకొండ చౌరస్తా దాటాక ఒక సందులో అతని మైక్ సెట్ దుకాణం ఉండేది. రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయర్, రెండు మైకులు, ఒక రికార్డు ప్లేయర్, రేకు పెట్టె నిండా రికార్డులు. అంతే ఆస్తి. కానీ డెబ్బయిల్లో మా వైపు పెళ్ళంటే ముందు మైక్ సెట్ మాట్లాడుకుని, ఆ తర్వాతే వంటవాళ్ళను మాట్లాడుకునేవాళ్ళు. బావ తండ్రి ధర్మసాగర్ చెరువు కట్ట మీద కూలి చేసి బతికిన మనిషి. కొడుకు చేతికి కరెంటు పని వచ్చిందని ఆయన చచ్చేదాకా ఊరంతా చెప్పుకున్నాడు. మేము క్రైస్తవులమే గానీ, తలంబ్రాలప్పుడు ఏ పాట పెట్టాలో, అప్పగింతలప్పుడు ఏ పాట పెట్టాలో, బతుకమ్మ దగ్గర ఎంత గట్టిగా పెట్టాలో బావకు తెలిసినంతగా పురోహితులకు కూడా తెలియదని నా అభిప్రాయం. అప్పగింతల పాట పెట్టి, పెళ్ళికూతురి కంటే ముందు తానే కళ్ళు తుడుచుకునే మనిషి.

నేను హన్నా అక్కకు చెల్లెల్ని, సుశీలను. మా అమ్మానాన్న పోయాక అక్క దగ్గరే ఉన్నాను. సుబేదారిలో ఒక ఆఫీసులో టైపిస్టు ఉద్యోగం దొరికినా అక్కడే ఉండిపోయాను. బావను ఏడిపించే హక్కు మరదలికి కాక ఇంకెవరికుంటుంది? నేను ఆ హక్కును ఒక్క రోజు కూడా వృథా చేయలేదు. “మీ ఆయన సంసారం హారన్లతోని జేస్తాండు, నీతోని కాదు” అని అక్కను కూడా కలిపి ఆటపట్టించేదాన్ని. అక్క నవ్వేది. అప్పట్లో ఆమె నవ్వుకు గొంతుండేది.

ఆ గొంతు గురించి చెప్పకపోతే బావ గురించి ఏం చెప్పినా వ్యర్థమే. మా సంఘం క్వైర్‌లో అక్క పాడుతుంటే వెనక బెంచీలో నిద్రపోయే ముసలివాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. బావ ఆమెను మొదటిసారి చూసింది ఒక క్రిస్మస్ ఆరాధనలోనే. మైకు పెట్టడానికి వచ్చి, ఆమె ముందు స్టాండు నిలబెట్టి, ఆమె పాట మొదలుపెట్టగానే మైకును రెండడుగులు వెనక్కి జరిపాడట. చరణం మధ్యలో ఇంకొంచెం జరిపాడట. “గీ పిల్లకు మైకెందుకు?” అని గొణిగాడట. ఆ మాట ఎవరో అక్క చెవిన వేశారు. పెళ్ళి మాటలు అక్కడ మొదలయ్యాయి.

వాళ్ళ పెళ్ళికి ముందే మిషన్ వాళ్ళు మా క్వైర్‌ను హైదరాబాదు తీసుకెళ్ళి ఒక చిన్న రికార్డు చేయించారు. రెండు వైపులా రెండు క్రిస్మస్ కీర్తనలు. మొదటి కీర్తనలో రెండో చరణం అక్క ఒక్కతే పాడింది. మిగతా క్వైరంతా ఆ చరణంలో నోరు మూసుకుని నిలబడింది. కొన్ని రికార్డులే అచ్చయ్యాయి. తలా ఒకటి పట్టుకుపోయారు, పోగొట్టుకున్నారు, పగలగొట్టారు. మా దగ్గర ఒకటి మిగిలింది. బావ ప్రతి క్రిస్మస్‌కూ దాన్ని మా ఇంటి ఎదురుగా ఉన్న చర్చి గుడి ముందు హారన్‌లో పెట్టి, సందంతా వినిపించేవాడు. తన పెళ్ళాం గొంతు ఊరందరి ఆస్తి అన్నట్టు తిరిగేవాడు.

తర్వాత అక్క మెడ దగ్గర గడ్డ లేచింది. పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేయాలన్నారు. గొంతు నరం గడ్డను అంటుకునే ఉందని, ప్రాణం దక్కుతుంది గానీ గొంతు మారిపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. బావ కాగితం మీద సంతకం పెట్టాడు. ఎవరి తప్పూ లేదు. అక్క బతికింది. గొంతు పోయింది. మాట వస్తుంది గానీ బొంగురుగా, కంకర మీద బండి పోయినట్టు వస్తుంది. పాట మాత్రం రాలేదు. క్వైర్‌లో ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చారు. ఆదివారం గుడిలో చివరి బెంచీలో కూర్చుని, అందరూ పాడుతుంటే ఆమె పెదవులు మాత్రం కదిపేది. పక్కనే కూర్చునే నాకు ఆ పెదవులు చూడబుద్ధయ్యేది కాదు.

ఆ తర్వాత వచ్చిన మొదటి క్రిస్మస్‌కు బావ మామూలుగానే రికార్డు పెట్టాడు. అక్క లేచి ఇంట్లోకి వెళ్ళిపోయింది. మరుసటి ఏడు కూడా అంతే. పాట మొదలవగానే ఆమెకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి, లేదా బావి దగ్గర ఆరేసిన బట్టలు గుర్తొచ్చేవి. బావ పాట పూర్తయ్యేదాకా ప్లేయర్ దగ్గర నిలబడి, ఇంటి వైపు చూసేవాడు.

“పెట్టకు బావా. అక్కకు బాధైతది” అన్నాను నేను.

“పాటకు గాదు పిల్లా. గరగరకు,” అన్నాడు. “నువ్వు మంచిగ ఇనలే. రికార్డు పాడైంది. హన్నా చరణం కాడికొచ్చే వరకు ఒకటే గరగర. అది ఇంటే దానికి ఇప్పటి గొంతు యాదికొస్తది. అప్పటి గొంతు అప్పటి లెక్కనే ఇనవడితే ఎందుకు లేచి పోతది? కూసొని ఇంటది.”

అతని పిచ్చికి ఒక సిద్ధాంతం దొరికింది, ఇక ఎవరూ ఆపలేరని నాకు అప్పుడే అర్థమైంది. కానీ ఆ గరగర ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసినప్పుడు అతని మొహం చూడాల్సింది.

మైక్ సెట్ వాళ్ళకు ఒక అలవాటుంది. పెళ్ళిపందిట్లో జనం తొక్కిడికి బల్ల ఊగుతుంది. బల్ల ఊగితే రికార్డు మీది ముల్లు ఎగిరి ఎక్కడో పడుతుంది. పాట తప్పితే మైకు వాడి పరువు పోతుంది. అందుకని ముల్లును మోసే ప్లేయర్ చెయ్యి మీద, సరిగ్గా ముల్లు పైన, ఒక చారాణ బిళ్ళ, అంటే పావలా కాసు, పెట్టేవాళ్ళు. ఆ బరువుకు ముల్లు గాడిలో కూర్చునేది, ఎగిరేది కాదు. వరంగల్, హనుమకొండ, కాజీపేట, ఏ మైకు వాడి ప్లేయర్ చూసినా దాని నెత్తిన చారాణ బిళ్ళ ఉండాల్సిందే. ఇంట్లో ఆడవాళ్ళకు కూడా తెలుసు. పాట ఎగిరితే బిళ్ళ పెట్టాలి. మా అక్క దుకాణానికి అన్నం తీసుకెళ్ళినప్పుడు ఎన్నిసార్లు కొంగు ముడి విప్పి బావకు బిళ్ళ అందించిందో నేనే చూశాను.

ఒకసారి బావ సికింద్రాబాదు పోయి, అక్కడ రేడియోలు బాగుచేసే ఒకాయన దగ్గర కూర్చుని వచ్చాడు. ఆయన ఈ రికార్డును భూతద్దం కింద పెట్టి చూపించాడట. గాడి అంచులు అరిగి బూడిద రంగుకు తిరిగి ఉన్నాయి. అక్క చరణంలో ఒకచోట చిన్న గుంత పడింది. మొద్దు ముల్లు, బరువు చెయ్యి, దాని మీద చారాణ బిళ్ళ. ఏటేటా క్రిస్మస్‌కు ఆ రికార్డును ఎవరో కాదు, బావే దున్నాడు. ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా అరుగు మీద కూర్చున్నాడు.

“దాని గొంతు నేనే గీకిన, సుశీలా,” అన్నాడు. “ఎంత మంచిగ ఇనిపిద్దామనుకున్ననో అంత గీకిన.”

ఆ రోజు నుంచి దుకాణంలో చారాణ బిళ్ళకు చోటు లేకుండా పోయింది. ఎవరి పందిట్లోనైనా వేరే మైకు వాడి ప్లేయర్ మీద బిళ్ళ కనిపిస్తే బావ విస్తరి ముందు నుంచి ఎంగిలి చేత్తో లేచి వెళ్ళి తీసేసేవాడు. రెండు మూడు చోట్ల కొట్టుకోబోయారు. ఒకచోట నేనే కొంగు పట్టుకుని లాక్కొచ్చాను. కొంగంటే నాది కాదు, అతని తువ్వాల కొంగు.

రేడియో ఆయన చెప్పిన ఉపాయం ఒకటే. బరువు చెయ్యి తీసేసి తేలిక చెయ్యి బిగించాలి. సన్నటి వజ్రపు ముల్లు వేయాలి. మొద్దు ముల్లు గాడి పై అంచులనే అరగదీసింది గాబట్టి సన్న ముల్లు అది తాకని లోపలి చోట దిగి నడుస్తుందట. అక్కడ గొంతు ఇంకా కొత్తగానే ఉంటుందట. ఈ మాట చెప్పేటప్పుడు బావ కళ్ళు చూస్తే, గాడి లోపల అక్క నిజంగా దాక్కుని ఉందనీ, తాను దీపం పట్టుకుని దిగబోతున్నాడనీ అనిపించేది.

తేలిక చెయ్యి కోసం అతను పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. కాజీపేటలో పాసింజరు ఎక్కేవాడు. స్టేషన్ ఘన్‌పూర్ దాటేలోపు పక్కన కూర్చున్నవాళ్ళందరికీ గాడి గురించి, ముల్లు గురించి చెప్పేసేవాడు. హైదరాబాదు జుమ్మెరాత్ బజారులో పాత సామాన్ల గుట్టలు వెతికేవాడు. ఉత్త చేతులతో వచ్చేవాడు. ఒకసారి మాత్రం చంకలో పాత తువ్వాల మూటతో నవ్వుతూ దిగాడు. విప్పి చూపించాడు. సన్నటి వెండి రంగు గొట్టం, ఎవరి పాత విదేశీ రేడియోగ్రామ్ నుంచి ఊడదీసిందో. కొనకు సన్నటి వజ్రపు ముల్లు ఉంది, వెనక ఉండాల్సిన బరువు లేదు.

“గీ పుల్లకా ఇన్నేండ్లు తిరిగినవ్?” అన్నాను.

“పుల్ల గాదే. కాటా ఇది,” అన్నాడు. “ఎనక బరువు, ముందు ముల్లు. రెండు సరిగ్గ తూగాలె. ముల్లు రికార్డు మీద కూసున్నట్టుండాలె, కూసోనట్టుండాలె.”

తూగే విషయం వచ్చాక అతనికి అవుసలి ఉప్పలయ్య తప్ప ఇంకెవరు గుర్తొస్తారు? బజారులో ఉప్పలయ్యది చిన్న బంగారప్పని దుకాణం. గాజు పెట్టెలో చిన్న కాటా, దాని పక్కన గురిగింజల డబ్బా. బావ ప్లేయర్‌ను రిక్షాలో తీసుకెళ్ళి ఆయన గద్దె మీద దింపాడు. నేను ఆఫీసు నుంచి వస్తూ ఆ వేడుక చూడటానికే ఆగాను. కమ్మలు చేయించుకోవడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు కూడా కమ్మలు మర్చిపోయి చూస్తున్నారు.

“ఉప్పలన్నా, ఇది తూచాలె,” అన్నాడు బావ, ప్లేయర్ చెయ్యి చూపిస్తూ.

“బంగారమా తమ్మీ?”

“బంగారం కన్నా ఎక్కువ.”

ఉప్పలయ్య కాటా బయటికి తీశాడు. మొదట పాత చెయ్యి ముల్లును ఒక తక్కెడ పళ్ళెంలో ఆనించి, రెండో పళ్ళెంలో గురిగింజలు వేస్తూ పోయాడు. గుప్పెడు పట్టాయి. ఆపైన బావే తన జేబులోంచి చారాణ బిళ్ళ తీసి చెయ్యి మీద పెట్టాడు. ఉప్పలయ్య ఇంకో గుప్పెడు వేయాల్సి వచ్చింది. తర్వాత పాతది ఊడదీసి, తేలిక చెయ్యి బిగించి ఆనించారు. వెనక బరువుకు ఉప్పలయ్య ఒక ఇత్తడి గుండు పోసి, మరలు కోసి పెట్టాడు. దాన్ని వెనక్కి ముందుకి తిప్పుతూ, గురిగింజలు ఒక్కొక్కటే తీస్తూ వచ్చారు. చివరికి పళ్ళెంలో చిటికెడు గింజలు మిగిలాయి. కాటా ముల్లు నిటారుగా నిలబడింది.

“గింత తక్కువ బరువుకు పాట పలుకుతదా తమ్మీ?” అన్నాడు ఉప్పలయ్య.

బావ కాటా ముల్లు మీదికి తల వంచాడు. గుడిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా అతను అంత శ్రద్ధగా తల వంచడం నేను చూడలేదు.

ఇంట్లో ముందుగదిలో బల్ల వేశాడు. తాపీ మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చి, బల్ల కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టి పెట్టి, బల్లను సమానం చేశాడు. గదిలో ఎవరూ గట్టిగా నడవకూడదన్నాడు. ఒకరోజు సాయంత్రం నన్ను కూర్చోబెట్టాడు. “హన్నా, రా” అని కేకేశాడు. వంటింట్లోంచి, “బియ్యంల రాళ్ళేరుతాన” అని బొంగురు గొంతు వచ్చింది. బావ కాసేపు చూశాడు. ఊపిరి బిగబట్టి ముల్లు దించాడు.

నేను బావను ఎన్ని అన్నానో అన్నీ వెనక్కి తీసుకున్నాను. క్వైరు మా ముందుగదిలోకి నడిచి వచ్చింది. ఎవరు దగ్గారో, ఎవరు కాగితం తిప్పారో కూడా వినిపిస్తోంది. ఆ తర్వాత అందరూ ఆగారు. అక్క ఒక్కతే మొదలుపెట్టింది. పెళ్ళికి ముందు నాటి అక్క, బావి దగ్గర నా జడ వేస్తూ పాడే అక్క. గుంత ఉన్న చోటికి వచ్చేసరికి బావ కళ్ళు మూసుకున్నాడు. ముల్లు చిన్నగా వణికి, దాటి, ముందుకు పోయింది. నాకు ఏడుపు ఆగలేదు. వంటింట్లో చేట చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

పాట అయ్యాక బావ వంటింటి గుమ్మం దాకా వెళ్ళాడు. “ఇన్నవా?” అన్నాడు.

“ఆఁ. మంచిగున్నది,” అంది అక్క తల ఎత్తకుండా. “దీపం పెట్టుండ్లి, చీకటైతాంది.”

బావ మొహం వాడిపోయింది. గరగర పోయినా ఆమె రాలేదు. అతని సిద్ధాంతం తప్పయింది. 

తెల్లారేసరికి ఇంకో పట్టుదల వచ్చింది. ఇక రికార్డును తాకకూడదు. ఎంత తేలిక చెయ్యి అయినా పెట్టినప్పుడల్లా కొంత అరుగుతుంది. గుంత దగ్గర ముల్లు ఎప్పుడు తప్పుతుందో చెప్పలేం. అందుకని ఒక్కసారి, ఒకే ఒక్కసారి పెట్టి, టేపులోకి ఎక్కించుకోవాలి. టేపులో ఎక్కితే గొంతు దక్కినట్టే. సుబేదారిలో మా ఆఫీసు భాస్కర్ గారింట్లో మంచి టేప్ రికార్డర్ ఉంది. క్రిస్మస్‌లోపు ఇస్తానన్నారు. అప్పటిదాకా ప్లేయర్ మీద గుడ్డ కప్పి, “ఎవ్వలు ముట్టద్దు” అని బావ హుకుం జారీ చేశాడు. ఎవ్వలు అంటే ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

డిసెంబరులో ఒక శనివారం మధ్యాహ్నం బావ, నేను టేప్ కోసం సుబేదారి వెళ్ళాం. భాస్కర్ గారి ఇంటికి తాళం. స్టేషన్ ఘన్‌పూర్‌లో చుట్టాలింటికి వెళ్ళారని పక్కింటివాళ్ళు చెప్పారు. సాయంత్రానికి గానీ రామని అక్కకు చెప్పి వెళ్ళినవాళ్ళం ఎండ ఉండగానే తిరిగొచ్చాం.

సందు మలుపులోనే పాట వినిపించింది.

బావ నిలబడిపోయాడు. తర్వాత ఎంత వేగంగా నడిచాడంటే నేను చీర కుచ్చెళ్ళు పట్టుకుని పరిగెత్తాల్సి వచ్చింది. అరుగు మీది కిటికీ రెక్క ఓరగా తెరిచి ఉంది. లోపల అక్క బల్ల ముందు నిలబడి ఉంది. ప్లేయర్ మీది గుడ్డ మడతపెట్టి కుర్చీలో పెట్టింది. ఆమె మొహం మాకు పక్కగా కనిపిస్తోంది. క్వైరు ఆగింది. ఆమె చరణం మొదలైంది. ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. ఆ అడుగుకు బల్ల కదిలిందో ఏమో, గుంత దగ్గర ముల్లు ఎగిరి, చరణం దాటి, క్వైరు మీద పడింది.

అక్క ప్లేయర్ చెయ్యి ఎత్తి మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఎగిరింది. ఆమె తన చరణం కోసమే పెట్టుకుంది, అదే రావడం లేదు. అప్పుడు ఆమె మైకు వాడి పెళ్ళాం ఎవరైనా చేసే పనే చేసింది. కొంగు ముడి విప్పింది. చారాణ బిళ్ళ తీసింది. వెండి రంగు చెయ్యి నెత్తిన జాగ్రత్తగా పెట్టింది.

నేను “అక్కా” అని అరవబోయాను. బావ అరచేయి నా నోటి మీద పడింది.

నేను అతని మొహం చూశాను. అవతలివాడి పందిట్లో అన్నం ముందు నుంచి లేచి బిళ్ళ పీకేసే మనిషి. లోపల వజ్రపు ముల్లు కింద ఏం జరుగుతోందో ఈ ఊళ్ళో అందరికంటే బాగా తెలిసిన మనిషి. టేపు ఇంకా దొరకలేదు. ఉన్నది ఆ ఒక్క రికార్డు. గుమ్మం నాలుగడుగుల దూరం. వెళ్ళి ఒక్క వేలితో బిళ్ళ తీస్తే చాలు. వెళితే ఆమె ప్లేయర్ వదిలేసి, పాలు గుర్తొచ్చినట్టు వంటింట్లోకి వెళ్ళిపోతుంది. అది కూడా అతనికి తెలుసు.

ఈసారి పాట ఎగరలేదు. అక్క గొంతు చరణం మొత్తం పాడింది. గుంత దగ్గర టిక్కుమని ఒక చప్పుడు వచ్చింది, అంతకుముందు లేనిది. బావ భుజం ఉలిక్కిపడింది. లోపల అక్కకు అదేం పట్టలేదు. మెడ మీది ఆపరేషన్ మచ్చ మీద చెయ్యి వేసుకుని, తల కొంచెం పక్కకు వంచి వింటోంది. ఎవరో ఎరిగిన మనిషి చాలా రోజులకు ఇంటికి వస్తే చూసే చూపు అది. ఆమె మొహంలో బాధ లేదు. నేను అనుకున్నదీ తప్పే, బావ అనుకున్నదీ తప్పే. మా ఇద్దరి ఎదురుగా కూర్చుని వినడం ఆమెకు చేతకాలేదు, అంతే. అయ్యో అనే మా మొహాలను చూస్తూ ఎవరు వినగలరు?

చరణం అయిపోయింది. అక్క ముల్లు ఎత్తింది. మళ్ళీ చరణం మొదటికి పెట్టింది. బిళ్ళ అలాగే ఉంది.

బావ మెల్లగా అరుగు మీద కూలబడ్డాడు. నా నోటి మీది చెయ్యి తీశాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, మీసాల కింద నవ్వు ఉంది.

“మళ్ళ పెట్టింది, సుశీలా,” అన్నాడు గుసగుసగా. “మళ్ళ పెట్టింది సూడు.”

ఎన్నిసార్లు పెట్టిందో నేను లెక్కపెట్టలేదు. పెట్టిన ప్రతిసారీ టిక్కు కొంచెం పెద్దదయింది. బావ ప్రతిసారీ ఉలిక్కిపడ్డాడు, ప్రతిసారీ కదలకుండా కూర్చున్నాడు. ఎండ అరుగు దిగిపోయాక లోపల పాట ఆగింది. మేమిద్దరం చప్పుడు కాకుండా సందు చివరిదాకా వెళ్ళి, గట్టిగా మాట్లాడుకుంటూ, దగ్గుతూ తిరిగొచ్చాం. ప్లేయర్ మీద గుడ్డ కప్పి ఉంది. అక్క పొయ్యి దగ్గర ఉంది.

“దొరికిందా టేపు?” అంది.

“దొరకలే,” అన్నాడు బావ. “ఫికర్ లేదు. నువ్వు జర చాయ్ పొయ్యి.”

కొత్త సంవత్సరంలో భాస్కర్ గారి టేప్ వచ్చింది. పాట ఎక్కింది. టిక్కు కూడా ఎక్కింది. అక్కను ఈసారి బావ పిలవలేదు. ముందుగది వదిలేసి, నన్ను కూడా లేపి, బజారుకు వెళ్ళొద్దాం రమ్మన్నాడు. తిరిగొచ్చేసరికి ఆమె టేప్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. లేవలేదు. అట్లా మొదలై, కొన్నాళ్ళకు మా ముందే కూర్చుని వినడం మొదలుపెట్టింది.

ఎనభైలు వచ్చాయి. క్యాసెట్లు వచ్చాయి. పందిళ్ళలో రికార్డుల పని అయిపోయింది. బావ రేకు పెట్టెలోని రికార్డులన్నీ ఎవరికో ఇచ్చేశాడు. క్రిస్మస్ వస్తే చుట్టాలు, సంఘం వాళ్ళు మా ఇంట్లో చేరేవాళ్ళు. కేకు ముక్కలు తింటూ హన్నా పాట పెట్టమనేవాళ్ళు. క్యాసెట్ పెట్టేది ఇప్పుడు అక్కే. తన చరణం వచ్చినప్పుడు పిల్లలను గదమాయించి నిశ్శబ్దంగా ఉండమనేది. గుంత దగ్గర టిక్కుమనేది. ఆ టిక్కు దగ్గర అక్క ప్రతిసారీ మొహం చిట్లించేది.

చారాణ బిళ్ళ సంగతి మేము చూశామని గానీ, దాని వల్లే ఆ చప్పుడు వచ్చిందని గానీ ఆమెకు చివరిదాకా తెలియదు. చెబుతానేమోనని బావ నా వైపు ఒక చూపు చూసేవాడు. నేను చెప్పలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు గాబట్టి రాస్తున్నాను.

ఒక క్రిస్మస్‌కు ఇల్లంతా జనం. పాట అయిపోయింది. అందరూ అక్కను మెచ్చుకుంటున్నారు. అక్క తన బొంగురు గొంతుతో అందరికీ వినపడేటట్టు బావను పట్టుకుంది.

“ఏమయ్యా, ఇన్నేండ్లు రైళ్ళెక్కి తిరిగినవ్. బంగారం కాటాల తూచినవ్. చెయ్యి జేసిన, చెయ్యి జేసిన అని ఊరంత చెప్పుకున్నవ్. నీ చెయ్యికి నా చరణం కాన్నే టిక్కుమనబుద్ధయ్యిందా?”

గది మొత్తం నవ్వింది. నేను బావను చూశాను. పెళ్ళికొడుకు తండ్రిని భుజం పట్టి నడిపించిన మనిషి, తన సెట్టును ఒక్క మాట అంటే రెండు రోజులు మాట్లాడని మనిషి, కేకు పళ్ళెం కింద పెట్టి, అందరి ముందూ తల దించుకున్నాడు.

“ఔ హన్నా,” అన్నాడు. “నా చెయ్యే సరిగ్గ కుదరలే.”